మైనంలో దాచిన ముక్క

సుగుణక్కా,

ఇవాళ నీ కూతురు మేరీని తీసుకుని ఏలూరు ఆసుపత్రికి వెళ్లొచ్చాను. నిన్ను పొట్టన పెట్టుకున్న రొమ్ము క్యాన్సరు తనకీ వస్తుందని అది ఇన్నేళ్లూ బెంగపడుతూనే ఉంది. నీ వయసు దాటి బతకనని దాని నమ్మకం.

నీకు ఆపరేషనయ్యాక, గడ్డలోంచి చిన్న ముక్క మైనంలో పెట్టి దాచమంటారా అని డాక్టరుగారు అడిగారు. "దాచండి. ముందుముందు ఎవరికైనా పనికొస్తుంది కదండీ," అని నవ్వావు. చిన్నప్పుడు కొల్లేట్లో పడవ ఊగి నేను భయపడితే అలాగే నవ్వేదానివి. ఇప్పుడు ఆ ముక్కనే పరీక్షకి పంపించారు.

"మీ అమ్మగారి జన్యువు ఎక్కడ దెబ్బతిందో తెలిసిందండీ. మీ రక్తంలో ఆ లోపం లేదు," అంది డాక్టరమ్మ.

తిరుగు ప్రయాణంలో మేరీ పెదపాడు దాటాక బస్సు కిటికీలోంచి చేపల చెరువుల్ని చూస్తూ, "పిన్నీ, ముసలిదైతే అమ్మ ఎలా ఉండేదంటావు?" అని అడిగింది.

గాలికి దాని నుదుటి మీద తెల్లవెంట్రుకలు కదులుతున్నాయి. నువ్వు ఒక్క వెంట్రుకైనా నెరవకుండానే వెళ్లిపోయావు.

"ఇక నిన్ను చూస్తూ ఉంటే తెలుస్తుందిలేమ్మా," అన్నాను.