వెయ్యి బీడీల సినిమా

సిరిసిల్ల

శ్రమజీవి ఇంద్రమ్మత్తకు, మేనల్లుడు మహేందర్ పిడికిలెత్తి నమస్కరించి రాయునది.

ఫోన్ అమ్మేశాను, మనుషుల్ని మింగే యంత్రమది. అందుకే ఉత్తరం. కండక్టర్ చేత పంపిన పెన్‌డ్రైవ్‌లో మూడు సినిమాలున్నాయి. ఒకటి దెయ్యాలది, ఒకటి పోలీసుది, మూడోది మన మరమగ్గాల కార్మికుల మీద నేనే తీసిన 'కండె కన్నీళ్లు'. బీడీలు చుట్టుకుంటూ ఇంట్లో టీవీలో చూసి అభిప్రాయం రాయి. మొహమాటం బూర్జువా లక్షణం.

నీలాంటి శ్రామికులు మెచ్చకపోతే కెమెరా మూలన పడేసి, బాపు తెప్పించిన వీసా మీద మస్కట్ పోతాను.

విప్లవాభివందనాలతో,
మహేందర్

తా.క.: పోలీసు సినిమాలో హీరో ఒక్కడే అరవై మందిని కొడతాడు. సంఘం పెట్టుకుందామని ఆ అరవై మందిలో ఒక్కడికీ తోచదు!

కోరుట్ల

అల్లుడు మహేందర్‌కు అత్త ఇంద్రమ్మ దీవించి రాసేది.

సిన్మాలు పెట్టిన. దెయ్యంది ఆగం జేసింది, రెండు వందల బీడీలు గూడ కాలే. పోలీసుది ఇంకా అన్యాలం, కత్తెర చేతులనే ఉండిపాయె. నీది మాత్రం బంగారం కొడుకా! మల్ల మల్ల పెట్టిన, పొద్దుమూకేవరకు వెయ్యి బీడీలయినయి. గసొంటి సిన్మా నా జన్మల సూడలే. రోజూ మా వాడకట్టు ఆడోళ్లను నలభై మందిని పిలిచి పెడుతున్న.

నీ అత్త

తా.క.: వాళ్లల్ల ఐలవ్వకు ఇంక మూడు వందల బీడీలు తక్కువున్నయట. మల్లొకపారి పెట్టుమన్నది.

సిరిసిల్ల

అత్తా! ప్రజాకళకు జయం!

పెట్టుబడిదారీ వినోదం శ్రమను చంపుతుంది, నా సినిమా శ్రమను మేల్కొల్పింది. మస్కట్ పోనని బాపుకు తెగేసి చెప్పాను. తెల్లటి నూలు మీద రక్తపుబొట్టు పడే దృశ్యంలో ఎంతమంది ఏడ్చారు? లెక్క రాయి.

నీ మహేందర్

కోరుట్ల

అల్లుడా, దీవెనలు.

రక్తం ఎప్పుడు పడ్డది? మేము తల ఎత్తితే గదా! మంచి సిన్మా అంటే చెయ్యి ఆగద్దు. నీది మూడు గంటలల్ల ఒక్కపారి గూడ ఆపలే.

మెచ్చుకుంట,
నీ అత్త

తా.క.: అబద్ధమెందుకు, పక్కింటి మనీషా ఒకపారి తల ఎత్తింది. సప్పుడు లేకపోతే కరెంటు పోయిందనుకున్నదట.

సిరిసిల్ల

అత్తా,

ఈ దేశంలో కళ చచ్చింది. ఆదివారం మస్కట్‌కు బయల్దేరుతున్నాను.

ఇక ఎవరికీ ఏమీ కాని
మహేందర్

తా.క.: బియ్యప్పిండి అప్పాలు చేసి పంపకు. పంపితే కారం ఎక్కువ వెయ్యి.

కోరుట్ల

మహేందర్, బస్సెక్కకు! ముందుగాల ఇది సదువు.

నిన్న మాకు బీడీల ఆకిచ్చే టేకేదారు మల్ల చిల్లులు పడ్డ తునికాకే ఇచ్చిండు. ఐలవ్వ దిగ్గున లేచింది. రోజూ ఇని ఇని నీ హీరో ఉపన్యాసం మొత్తం నోటికొచ్చింది ఆమెకు. "చెమటను దోచే చేతులారా!" అని షురూ జేసింది. ఎనక నలభై మందిమి అందుకున్నం. సగం గూడ కాలే, టేకేదారు రెండు చేతులు జోడించి, "అవ్వా, నీకు దండం పెడ్త, మంచి ఆకు ఇస్త, గది ఆపుండ్రి" అన్నడు. మూటలిప్పి మంచాకు ఇచ్చిండు కొడుకా!

మీ బాపుకు నేను చెప్పుకుంట, మా అన్ననే గదా. నువ్వు కెమెరా పట్టు.

నీ సంఘం,
ఇంద్రమ్మ

తా.క.: వచ్చే నెల కూలి రేటు మాట్లాడేదున్నది. రెండో సిన్మాల ఉపన్యాసం ఇంకింత పొడుగు పెట్టు.