గాలం మెయిలుకి దొరికినవాడు

మా ఇంటి సర్వే ఇంజనీరు గారికి,

ఇక్కడ నేనూ, అమ్మా, పాపా కులాసా. ఆఫీసులో నా చేతికింద ఉన్న డెబ్బై కంప్యూటర్ల గురించి మాత్రం అంత ధీమాగా చెప్పలేను. ఆ కొండల మధ్య నువ్వూ, మీ క్యాంపువాళ్ళూ క్షేమంగా ఉన్నారనుకుంటాను. బుధవారం మీ జీపు తెచ్చిన ఉత్తరం నాకంటే ముందు పాపే చదివేసి, "నాన్నా, అమ్మ నీకు పరీక్ష పెట్టింది" అంది. చూస్తే నిజమే, రెండు పేజీల నిండా ప్రశ్నలే.

అమ్మ బీపీ మాత్రలు వేసుకుంటోంది, నేను ఎదురుగా నిలబడితేనే. వంటింటి కుళాయి కారడం ఆగింది. నేనే బాగుచేశానని రాయాలని ఉంది గానీ, ప్లంబరు వచ్చి వెళ్ళిన సంగతి అమ్మ నీకు ఎలాగూ చేరవేస్తుంది. పాపకి జడలు నేనే వేస్తున్నాను. ఎడమ జడ కుడి జడకన్నా బెత్తెడు పైన ఉంటోంది. వాళ్ళ టీచరు ఏమీ అనలేదట, జాలిగా చూసిందట.

ఇక "ఆఫీసులో జనాన్ని కసురుకోవడం తగ్గించారా?" అని చివర్లో అడిగావు చూడు, దానికి జవాబు కాస్త పెద్దది. ముందు మా మేనేజరు గారి సంగతి విను, నవ్వుకుంటావు.

మొన్న మంగళవారం ఆయన గదిలోంచి ఒకటే కేక. "ఎవడో నా కంప్యూటర్లో దూరాడయ్యా! నేను చెయ్యి పెట్టకుండానే అదే రాసుకుపోతోంది!" పరిగెత్తాను. తెర మీద నిజంగానే ఒకే అక్షరం పేజీలకి పేజీలు పరుగు తీస్తోంది. మేనేజరు గారు కుర్చీ వెనక్కి జరిపి, పామును చూసినట్టు చూస్తున్నారు. హాజరు రిజిస్టరు అంచు కీబోర్డు మీద ఆని ఉంది. తీసి పక్కన పెట్టాను, అక్షరం ఆగింది. "దొంగని పట్టుకున్నాను సార్" అన్నాను. ఆ మాటకి బయటున్న టైపిస్టమ్మాయి కిసుక్కుమంది. ఆయనకి నా మీద రెండు రోజులు కోపం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. గాలం మెయిళ్ళ గురించి నీకు ఇదివరకే విసుగొచ్చేదాకా చెప్పాను. తెలిసినవాళ్ళు పంపినట్టే వస్తాయి, లోపలున్న లింకు నొక్కామంటే దొంగకి తలుపు తీసినట్టే. మావాళ్ళు ఎంత జాగ్రత్తగా ఉన్నారో చూడటానికి హెడ్డాఫీసువాళ్ళు అప్పుడప్పుడు ఉత్తుత్తి గాలం ఒకటి విసురుతారు. ఎప్పుడో నాక్కూడా చెప్పరు. నొక్కినవాళ్ళ జాబితా మాత్రం నాకొస్తుంది. అలా దొరికినవాళ్ళు సోమవారం మీటింగులో లేచి నిలబడి, ఎలా మోసపోయారో అందరి ముందూ చెప్పాలని రూలు పెట్టింది నేనే.

పోయిన నెల టైపిస్టమ్మాయి దొరికింది. పార్సిల్ వచ్చిందంటే నొక్కిందట. చెవులు ఎర్రబడి, చున్నీ కొస నలుపుకుంటూ నిలబడింది. "చదువుకున్నారు, ఆమాత్రం తెలీదా?" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు ఇంటికొచ్చి ఆ సంగతి నీకు గొప్పగా రాశాను కూడా. బహుశా అందుకే నువ్వు ఆ ప్రశ్న అడిగి ఉంటావు.

పోయిన శుక్రవారం కొత్త జాబితా వచ్చింది. డెబ్బై మందిలో ఒక్క పేరే ఉంది. నాది.

ఆ మెయిల్లో ఉన్నది ఇంతే: "మీ కుటుంబంలో ఒకరు మీకు ఫోటో పంపారు. చూడటానికి ఇక్కడ నొక్కండి." మీ క్యాంపులో సిగ్నలు ఉండదని నాకు తెలుసు. మెయిలు పంపాలంటే నువ్వు కొండ దిగి రావాలనీ తెలుసు. పంపినవాళ్ళ చిరునామా చూడండని ఊరందరికీ చెప్పే నోరు నాది. అయినా చెయ్యి ఆగలేదు. మిగతా అరవై తొమ్మిది మందీ నేను నేర్పిన పాఠం ప్రకారం దాన్ని ముట్టుకోలేదు.

ఇంతకన్నా సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. మేనేజరు గారు "ఎంతమంది దొరికారయ్యా?" అని అడిగితే, "స్టాఫులో ఎవరూ లేరు సార్" అన్నాను. ఆయన పొంగిపోయి, నన్ను అన్ని బ్రాంచీలకీ భద్రత అధికారిగా వెయ్యమని అప్పటికప్పుడు సిఫారసు రాశారు. నేను చేతులు కట్టుకుని మెచ్చుకోలు వింటూ నిలబడ్డాను. టైపిస్టమ్మాయి దగ్గరకొచ్చి, "మీరు ఆ రోజు అలా అనబట్టే సార్, ఈసారి పదిసార్లు చూసుకున్నాను. థాంక్స్" అంది. కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. శని, ఆదివారాలు అన్నం సహించలేదు. అమ్మ నన్నే బీపీ చూపించుకోమంది.

సోమవారం మీటింగులో లేచాను. మొత్తం చెప్పాను, మేనేజరు గారికి అబద్ధం చెప్పిన ముక్కతో సహా. ఎవరూ నవ్వలేదు. స్టోర్‌కీపరు మాత్రం మెల్లగా అడిగాడు:

"ఇంతకీ ఫోటో కనబడిందా సార్?"

"లేదండీ. ఎర్ర అక్షరాలతో 'మీరు గాలానికి చిక్కారు' అని వచ్చింది."

"అయ్యో" అన్నాడు, నిజంగా బాధపడుతూ. టైపిస్టమ్మాయి "కూర్చోండి సార్" అంది. మేనేజరు గారు బ్రాంచీల సంగతి తర్వాత చూద్దామన్నారు. అంటే పోయినట్టే. నీతో చెప్పడానికి ఏం, కాస్త ఏడుపొచ్చింది.

కానీ తర్వాత జరిగింది విను. మధ్యాహ్నం స్టోర్‌కీపరు నన్ను గోదాములోకి తీసుకెళ్ళి తలుపు మూశాడు. పాస్‌వర్డు చీటీ మీద రాయొద్దని నేను ఏడాదిగా ఆయన ప్రాణం తీస్తున్నాను కదా, ఒక ఖాళీ అర చూపించాడు. దాని మీద, మిగతా సరుకుల నంబర్ల మధ్య, ఆయన పాస్‌వర్డు లేబులుగా అతికించి ఉంది! "ఈ సరుకు నా బుర్రలో నిలవుండదు సార్, అందుకే ఇక్కడ పెట్టాను" అన్నాడు.

ఆయన వెనకే రికార్డుల గుమాస్తా వచ్చాడు. పది రోజుల కిందట ఎవరో ఫోన్‌చేసి, నేనే పంపానని చెప్పి ఆయన పాస్‌వర్డు అడిగి రాసుకున్నారట. మీటింగులో నిలబెడతానన్న భయంతో ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు. నాకు చెమటలు పట్టాయి. వెంటనే మార్చి, సాయంత్రందాకా ఒక్కొక్కటీ తరచి చూశాను. ఇంకా ఎవరూ లోపలికి రాలేదు, బతికిపోయాం. దొంగకి తలుపు తీసిపెట్టింది ఆ గుమాస్తా కాదు, నా నోరే.

నిలబెట్టే రూలు తీసేశాను. ఏ పొరపాటు చేసినా నా గదికొచ్చి చెప్పండి, కాఫీ ఇప్పిస్తాను అన్నాను. రెండు రోజుల్లో పదకొండు కాఫీలయ్యాయి. కసురుకోవడం తగ్గించానో లేదో వాళ్ళనే అడగాలి.

ఒక్క మాట. నువ్వు వెళ్ళి నాలుగు నెలలైంది. "ఎండకి నల్లబడ్డాను, ఫోటో వద్దు" అని ప్రతిసారీ తప్పించుకుంటున్నావు. ఈసారి ఉత్తరంలో ఒకటి పెట్టి పంపు. నువ్వు ఎలా ఉన్నా సరే. దాని కోసం ఉద్యోగమే పణంగా పెట్టినవాణ్ణి, ఇంక నన్ను ఊరించకు.

ఇట్లు,
పాప వాళ్ళ నాన్న