ఫిల్టరుకు నిత్యస్నానం

మార్చి 2, సోమవారం. ఉదయం 5:40

ఈ రోజు నుంచి మా పెరటి స్విమ్మింగ్ పూల్ ఫిల్టరు బాధ్యత సంపూర్ణంగా నాది. డెబ్భై నాలుగేళ్ళ వయసులో మనిషికి కొత్త బాధ్యత దొరకడం అదృష్టం. దాన్ని మరొకరి చేతిలోంచి లాక్కోవడం అంతకు మించిన అదృష్టం.

లాక్కున్నది పూల్ మెకానిక్ చేతిలోంచి. నిన్న అతను ఫిల్టరు కడుగుతుంటే "ఆ పిడి ఎందుకు తిప్పావు?" అని అడిగాను.

"మీకెందుకు మామ్మగారూ ఇవన్నీ? హాయిగా నీడలో కూర్చోండి" అన్నాడు.

ముప్పై మూడేళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ బోధించినదాన్ని. నీడలో పెట్టడానికి నేనేమైనా కుండీలో మొక్కనా? అక్కడికక్కడే ఉద్వాసన చెప్పాను.

మేడమీద ఉంటున్న మా అమ్మాయి దీన్ని అందిపుచ్చుకుంది. పూల్ పూడ్పించాలని ఏడాదిగా దాని పట్టుదల. కారణం అడిగితే "పాకుడు", "దోమలు" అంటుంది.

"మంచిదేనమ్మా. ముప్పై రోజులు నువ్వే చూసుకో. నెలాఖరున గట్టుమీద నిలబడి చూస్తే లోతువైపు అడుగునున్న తూము మూత కనపడాలి. కనపడితే నేనిక నోరెత్తను. కనపడలేదా, మేస్త్రీని పిలిచి మట్టి పోయించేస్తా. సరేనా?"

"మూతొక్కటేనా? దానిమీది మరలు కూడా లెక్కపెట్టిస్తా" అన్నాను.

ఇది మాటవరసకు కట్టిన పందెం కాదు. నేలమీద నాకు కర్ర కావాలి, మెట్లకు కమ్మీ కావాలి. నీళ్ళలో మాత్రం ఈ మోకాలు ఇంకెవరిదో అన్నట్టుంటుంది. పొద్దున్నే ఇరవైసార్లు అటూ ఇటూ ఈదితేనే ఆ రోజంతా నా పనులు నేను చేసుకోగలను. పూల్ పోతే మిగిలేది ఒక కుర్చీ, కుర్చీ పక్కన మందుల డబ్బా, డబ్బా పక్కన "ఇప్పుడేసుకోవాలమ్మా" అంటూ అమ్మాయి.

కావలసినవి: చేతి తొడుగులు. చదివే కళ్ళద్దాలు. ఈ నోటుపుస్తకం.
అక్కరలేనివి: సలహాలు.

మార్చి 3, మంగళవారం. 7:15

ఇంతోటి బ్రహ్మవిద్యకా ఒక మనిషి ఊరవతల నుంచి మోటారు సైకిలేసుకుని వచ్చేది!

పంపుగదిలో నా నడుమెత్తు పీపా. లోపల ఇసుక. పూల్ నీళ్ళు పైనుంచి ఇసుకలోంచి కిందికి దిగుతాయి. మురికి ఇసుకలో చిక్కుకుంటుంది. తేటనీరు పూల్‌లోకి తిరిగి వెళుతుంది. పీపా నెత్తిన ఒక పిడి. దాన్ని తిప్పితే నీళ్ళు ఎదురుదారి పట్టి, చిక్కిన మురికినంతా కాలువలోకి కక్కిస్తాయి. అంతే.

6:20. పంపు ఆపాను. పిడి తిప్పాను. పంపు వేశాను.
6:21. కాలువలో కాఫీ రంగు నీళ్ళు!
6:23. టీ రంగు.
6:25. గాజు! అచ్చం గాజు!
6:30. ఈత. ఇరవై కాదు, ఇరవై రెండుసార్లు.

గోడమీద మెకానిక్ అంటించిన కాగితం ఒకటుంది. "ముల్లు బాగా పైకి లేచినప్పుడు మాత్రమే కడగవలెను. సుమారు పక్షానికొకసారి." ముల్లు అంటే పీపాకున్న ఒత్తిడి గడియారం ముల్లు. పక్షానికొకసారట! పదిహేను రోజులకోసారి స్నానం చేసేది ఏదైనా సరే, నా ఇంట్లో ఉండటానికి వీల్లేదు. ఎర్ర సిరాతో "పక్షానికొకసారి" కొట్టేసి "ప్రతిదినము" అని దిద్దాను. పరీక్ష పేపర్లు దిద్దే చెయ్యి ఇంకా మొద్దుబారలేదు.

మార్చి 6, శుక్రవారం. 7:00

నాలుగు రోజులు, నాలుగు స్నానాలు. మూత స్పష్టంగా కనిపిస్తోంది. మరలు నాలుగు. అమ్మాయిని పిలిచి చూపించాను.

"ఇంకా ఇరవై అయిదు రోజులుందమ్మా" అంది, మంచివార్త చెప్పినట్టు.

ఇకనుంచి రెండుపూటలా కడుగుతాను.

కడిగినప్పుడల్లా పూల్‌లో నీటిమట్టం వేలెడు తగ్గుతోంది. కుళాయి గొట్టంతో నింపుతున్నాను. కొత్త నీళ్ళు! ఇంకా మంచిదే కదా.

మార్చి 9, సోమవారం. 6:50

గోడమీదుగా పక్కింటి రిటైర్డ్ స్టేషన్ మాస్టరు తల.

"ఏంటి మేడమ్, పొద్దునా సాయంత్రం ఆ పీపాకి పసిబిడ్డకి పోసినట్టు పోస్తున్నారు? కాస్త సాంబ్రాణి పొగ కూడా వేస్తారా?"

"మీ ఇంట్లో కిటికీలు తుడిచి ఎన్నాళ్ళయింది మాస్టారూ?"

తల మాయం. బండి సరైన సమయానికే వెళ్ళిపోయింది.

నీళ్ళు కాస్త మసకగా ఉన్నట్టున్నాయి. కళ్ళద్దాలు తుడుచుకున్నాను. అద్దాలు బాగానే ఉన్నాయి.

మార్చి 12, గురువారం. 6:30

బియ్యం కడిగిన నీళ్ళ రంగు. మూత ఉందని తెలిసినవాళ్ళకే కనిపిస్తుంది.

కారణాలు నిష్పక్షపాతంగా:
గాలి.
మాస్టారి చెట్టు ఆకులు.
మాస్టారు.
కుళాయి నీళ్ళలో సున్నం.
మెకానిక్ వెళ్తూ వెళ్తూ ఏదో బిగించి ఉంటాడు.

నా తప్పు ఉండే అవకాశాన్ని కూడా పరిశీలించాను. లేదు.

ఇకనుంచి మూడుపూటలా.

మార్చి 15, ఆదివారం. 9:10

రసాయన శాస్త్రాన్ని రంగంలోకి దింపాను. పటిక! నీళ్ళలో తేలే మడ్డినంతా ముద్దకట్టించి అడుక్కి దింపేస్తుంది. ఈ పాఠం కనీసం రెండువేల మందికి చెప్పి ఉంటాను. నిన్న సాయంత్రం తూచి, కరిగించి, పోసి, పంపు ఆపి పడుకున్నాను.

6:00కు చూస్తే అద్భుతం. మడ్డి మొత్తం అడుగున దుప్పటిలా పరుచుకుంది. పైన స్ఫటికం.
6:05. సంతోషంలో అలవాటు కొద్దీ పంపు వేశాను.
6:06. దుప్పటి లేచింది.
6:15. కుడితి తొట్టి.

రసాయన శాస్త్రం ఇప్పటికీ నా పక్షానే ఉంది. నీళ్ళే లేవు.

మార్చి 18, బుధవారం. 7:20

ఆకుపచ్చ. లేత ఆకుపచ్చే అనుకోండి. చూసే కోణాన్నిబట్టి నీలం అని కూడా వాదించవచ్చు.

అమ్మాయి మేడమీద నుంచి వంగి, "అమ్మా, పందెం మట్టి గురించే కదా. విత్తనాలు కూడా నువ్వే చల్లేశావేంటి?" అంది.

దీని వెటకారం వాళ్ళ నాన్న పోలిక. నాది కాదు.

ఈత మానేశాను. తాత్కాలికంగా.

మార్చి 21, శనివారం. 11:00

పూల్ మీద టార్పాలిన్ కప్పించాను. ఆకులు పడకుండా. అంతకు మించి దాపరికమేమీ లేదని ఇందుమూలంగా నమోదు చేస్తున్నాను.

పంపుగదికి వెళ్ళలేదు. మెట్లు నాలుగే, కానీ మోకాలు ఈ మధ్య ప్రతి మెట్టుకీ వేరువేరుగా అనుమతి అడుగుతోంది. మూడు రోజులు ఈదకపోతేనే ఇలా ఉంటే, ఆపైన ఏమిటో ఆలోచించదలుచుకోలేదు.

మార్చి 24, మంగళవారం

టైము చూడలేదు. ఫిల్టరూ చూడలేదు.

అమ్మాయి భోజనం కిందికే తెచ్చింది. వద్దన్నాను. పెట్టి వెళ్ళింది. తిన్నాను. ఇలాగే మొదలవుతుంది.

మార్చి 27, శుక్రవారం. 10:30

అమ్మాయి బ్యాంకు ఉద్యోగానికి వెళ్ళాక మెకానిక్‌కు ఫోన్ చేశాను. సహాయం కోసం కాదు. అతని విషయపరిజ్ఞానం పరీక్షించడానికి.

వెంటనే వచ్చాడు. టార్పాలిన్ అంచు ఎత్తి చూసి, మెల్లగా దించేశాడు. ఆసుపత్రిలో డాక్టర్లు అలా దుప్పటి కప్పితేనే మనకు భయం. తరువాత పంపుగదిలోకి వెళ్ళాడు. గోడమీది కాగితం చూశాడు. ఎర్ర సిరా చూశాడు.

"మామ్మగారూ... రోజూ కడిగారా?"

"మూడుపూటలా."

అతను పీపా పక్కనే కూలబడ్డాడు.

"అయ్యో! ఇసుక మరీ శుభ్రంగా ఉంటే ఏం పట్టదండీ. గింజకీ గింజకీ మధ్య సందులుంటాయి కదా, సన్న మడ్డంతా అందులోంచి జారిపోతుంది. కాస్త మురికి చేరి ఆ సందులు పూడితేనే వడకట్టేది. మురికిని పట్టేది ఆ మురికేనండీ! మీరు దాన్ని చేరనిస్తేగా?"

నేను గోడమీది ఎర్ర సిరా వైపు చూశాను.

"పైగా కడిగినప్పుడల్లా క్లోరిన్ నీళ్ళు కాలువపాలు, కుళాయి నీళ్ళు పూల్ పాలు. పచ్చబడక ఏమవుద్దండీ?"

వడపోత సూత్రం. ఇంటర్ మొదటి సంవత్సరం పాఠం. జ్ఞానం ఉండటం ఒక ఎత్తు, దాన్ని చీపురు పట్టుకున్న చేతికి అందేలా చేయడం ఇంకొక ఎత్తు. ఇది రాయడానికి పావుగంట పట్టింది.

అతను క్లోరిన్ వేసి, పంపు వేసి, రెండు చేతులూ జోడించాడు. "దణ్ణం పెడతా. పది రోజులు దాని జోలికి పోకండి. పంపు తిరుగుతా ఉంటది. మీరు తిరక్కండి."

పందేనికి మిగిలింది నాలుగు రోజులు.

మార్చి 29, ఆదివారం. 8:00

ఏమీ చేయకుండా ఉండటం ఇంత శ్రమ అని ఎవరూ చెప్పలేదు.

7:10. పంపుగది వైపు వెళ్ళలేదు.
7:25. వెళ్ళాను. చూడటానికే. ఆకుపచ్చ చచ్చి తెలుపుకు తిరుగుతోంది. ముల్లు ఒక గీత లేచింది. అంటే లోపల మురికి చేరుతోందన్నమాట. నా ఇంట్లో.
7:40. ఒక్కసారే. అర నిమిషం.
7:41. ఈ పేజీ మెకానిక్ కంట పడకూడదు.

మార్చి 31, మంగళవారం. 10:15

జరిగింది జరిగినట్టు రాస్తాను.

6:30. అమ్మాయి బ్యాంకు చీర కట్టుకుని, మెడలో గుర్తింపు కార్డు వేసుకుని, మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చింది. మేస్త్రీ చేతిలో కొలత టేపు. నేను ఈత దుస్తుల్లో గట్టుమీద సిద్ధంగా ఉన్నాను.

టార్పాలిన్ తీశారు. తెల్లగా, మసకగా, ఒక మూర లోతు దాటితే ఏమీ లేదు. మూత లేదు. అసలు అడుగే లేదు.

"ఒప్పుకో అమ్మా."

"కనబడటం కంటికి సంబంధించిన విషయం. మూత దాని చోటే ఉంది. మరలతో సహా నిరూపిస్తాను" అని దూకాను.

పదమూడు రోజుల తరువాత నీళ్ళు! దేహం చెప్పిన మాట విన్నది. అడుక్కి వెళ్ళాను. తడిమితే మూత దొరికింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో మర పాకుడు కింద దాక్కుంది. గోటితో గీకుతుండగా పైన ఏదో బస్తా పడినట్టు పెద్ద చప్పుడు.

పైకి తేలేసరికి ఆ బస్తా మా అమ్మాయి.

ఈ ఇంట్లో ఇరవై ఏళ్ళుగా ఉంటూ మోకాలు దాటి నీళ్ళలోకి దిగని మనిషి. చీర గొడుగులా విచ్చుకుంది. చేతులు గాలిలో. మేస్త్రీ గట్టుమీద నుంచి కొలత టేపు బారుగా చాచి, "పట్టుకోండి మేడమ్! గట్టి టేపే!" అని అరుస్తున్నాడు.

వెనకనుంచి చంకల కింద చెయ్యి వేసి, గడ్డం ఎత్తి పట్టుకుని, గట్టుకు లాక్కొచ్చాను. దగ్గింది. నీళ్ళు కక్కింది. ఊపిరి అందగానే తిట్టడం మొదలుపెట్టింది.

"బుద్ధుందా నీకు! అంతసేపా! పిలుస్తుంటే పలకవు!"

"నాలుగో మర దొరకలేదు. కానీ మూత..."

"మూత ఎవరిక్కావాలమ్మా! నువ్వు కనపడలేదు! నువ్వు!"

అలా అని నా భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. యాభై ఏళ్ళ పిల్ల. ముక్కు తుడుచుకుని, "రోజూ పొద్దున్నే కిటికీలోంచి చూస్తాను. నువ్వు గట్టెక్కేసరికి నా కాఫీ చల్లారిపోతుంది. ఏదో ఒకరోజు చూసేసరికి..." అని ఆపేసింది.

పాకుడు కాదు, దోమలు కాదు. అది.

"ముందే చెప్పొచ్చు కదే" అన్నాను.

"చెబితే నీళ్ళలోకి దిగడం మానేస్తావా?"

"మానను."

"మరింకెందుకు చెప్పడం?"

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "మట్టి ఎప్పుడు తోలమంటారండీ?"

నేను నోరు మూసుకున్నాను. పందెం ఓడిన మనిషిని.

"ఇప్పుడొద్దులెండి" అంది అమ్మాయి, కొంగు పిండుకుంటూ. నావైపు తిరిగి, "ఫిల్టరు మెకానిక్ చూస్తాడు. నువ్వు ముట్టుకోవు. ఒంటరిగా దిగవు. ఈ రెండూ ఒప్పుకుంటేనే."

"తోడు ఎవరు దిగుతారు? మాస్టారా?"

తడి కళ్ళతోనే నవ్వొచ్చింది దానికి.

ఏప్రిల్ 1, బుధవారం. 7:30

ఒకటో రోజు.

నిశ్చయం: ఫిల్టరును ముట్టుకోను. వారానికోసారి మెకానిక్ వస్తాడు. అతన్ని ప్రశ్నలు అడగవచ్చు, జవాబులు దిద్దకూడదు.

6:00. గట్టుమీద అమ్మాయి. పాత నైటీ, నెత్తిన ప్లాస్టిక్ సంచి. జుట్టు తడవకూడదట.
6:05. మొదటి మెట్టు.
6:15. రెండో మెట్టు.
6:30. నడుము లోతు. నా రెండు ముంజేతులూ పట్టుకుని నిలబడింది. గోళ్ళు దిగాయి.

"ఎన్నాళ్ళు పడుతుందమ్మా?"

"ఏది? నీళ్ళు తేటపడటమా, నీకు ఈత రావడమా?"

"రెండూ."

"ముప్పై రోజులు."

"నీ ముప్పై రోజులు చూశాంలే. వదలకు, వదలకు... అమ్మా, వదలొద్దన్నానా!"

వదల్లేదు.

6:40. పంపు చప్పుడులో ఏదో తేడా. ఒక్కసారి వెళ్ళి ముల్లు ఎక్కడుందో చూసి వద్దామనిపించింది. చూడటానికే.

రెండు చేతులూ ఖాళీ లేవు.