మద్దిచెట్టు మీది గద్దపిల్లలు

డొంకరాయి,
11-4-1999, ఆదివారం.

ఏంజెలిన్ నాన్నగారికి,

మగ్దలేనమ్మ రాసేది. ప్రభువు దయ వల్ల నేనూ పాపా తిని తిరుగుతున్నాం. మీరూ ఆ క్షయ ఆసుపత్రిలో వేళకు తిని, వేళకు మాత్రలు మింగుతున్నారని నమ్ముతున్నాను. నమ్మకపోతే ఇక్కడ నాకు ముద్ద దిగదు కాబట్టి నమ్ముతున్నాను.

మీ ఉత్తరం మంగళవారం బస్సుకి వచ్చింది. "గద్దపిల్లలు గూడు వదిలేలోపు చూడాలి, డాక్టరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఈ నెలాఖరుకి వచ్చేస్తాను" అని రాశారు. రావద్దు. ముందే చెప్తున్నాను. పోయినసారి దగ్గు తగ్గిందని రెండు నెలలకే మందులు మానేసి బస్సెక్కారు. ఏమయిందో ఇద్దరం చూశాం. ఈసారి మధ్యలో మానేస్తే ఇక ఏ మందూ పట్టదని డాక్టరుగారు మీ ముందే నాతో అన్నారు. ఎనిమిది నెలల్లో అయిదు గడిచాయి, ఇంకా మూడున్నాయి. గద్దల సంగతి చివర్న రాస్తాను. మీకు పేపరు కూడా వెనక పేజీ నుంచి చదివే అలవాటు. ఈ ఒక్క ఉత్తరం మాత్రం వరసగా చదవండి.

మీరు అడిగినవి చెప్తాను. పాప పరీక్షలు అయిపోయాయి. లెక్కలు బాగా రాశానంటోంది. అంత గట్టిగా అంటోందంటే నాకు అనుమానమే. ఈస్టరుకి కొత్త గౌను కుట్టించలేదు, పాతదానికే అంచు విప్పి పొడుగు చేశాను. మీ బదులు డ్యాములో నీటిమట్టం చూడ్డానికి వేసిన మనిషి గట్టు దిగి స్కేలు దగ్గరికి వెళ్ళడు. టీ కొట్టు ముందు నిలబడి కళ్ళు చికిలించి ఏదో అంకె రాసేస్తాడు. మీరు చూస్తే వాడితో పోట్లాడేవారు. నేనూ రెండుసార్లు పోట్లాడాను. మీ ఖాకీ చొక్కాలు ఎండలో వేసి పెట్టెలో పెట్టాను. నా నడుంనొప్పి అలాగే ఉంది, దాని గురించి అడగక్కర్లేదు.

మీ పక్క మంచం యర్రయ్య గారు పోయారని చదివి ప్రార్థన చేశాను. ఆయన్ని నేను చూడలేదు. సాలూరు నుంచి ఆయన భార్య వచ్చేసరికే అంతా అయిపోయిందన్నారు. నా ఉత్తరాలు మీరు వార్డులో అందరికీ చదివి వినిపించడం, ఆయన గద్దపిల్లల్లో పెద్దదానికి తాసిల్దారు, చిన్నదానికి బంట్రోతు అని పేర్లు పెట్టడం ఇదివరకే రాశారు. మేం నవ్వుకున్నాం. పోయేరోజు మధ్యాహ్నం ఆయన "తాసిల్దారు ఎగిరాడేటి?" అని అడిగితే మీరు "ఎగిరాడు" అన్నారట. అది ఎగిరిందని నేను ఎప్పుడూ రాయలేదు. మీరే కల్పించి చెప్పారు. ఆ ముక్క చదివాకే నాకు ఈ ఉత్తరం రాసే ధైర్యం వచ్చింది.

పాప ఇంట్లో లేదు, ఆదివారం బడికి వెళ్ళింది. అది వచ్చేలోగా రాసేస్తాను.

గద్దపిల్లలు లేవండీ. తాసిల్దారు లేడు, బంట్రోతు లేడు. గుడ్లు పిల్లలు కాలేదు. నేను రాసినవన్నీ అబద్ధాలు.

నవంబరులో మిమ్మల్ని బస్సు ఎక్కించినప్పుడు మీరు పాపని చూసుకో అనలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, "మద్దిచెట్టు మీద కన్నేసి ఉంచు మగ్దలేనా, ఈ ఏడు ఆ ఒక్క జతే మిగిలింది" అన్నారు. ఒళ్ళు మండిందిగానీ చూశాను. బడికి వెళ్ళేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి చూశాను. క్రిస్మస్ ముందు రెండూ పుల్లలు మోసుకొచ్చి గూడు కట్టాయి. సంక్రాంతి సెలవులు అయ్యాక ఆడది గూట్లోంచి లేవడం మానేసింది. తెల్లతల ఒక్కటే పైకి కనిపించేది. మగది నీళ్ళమీద నుంచి చేప తెచ్చి ఇచ్చిపోయేది. అవి రాసినంతవరకూ నిజమే.

అప్పుడు చేపలు పట్టే భీముడు ఆ చెట్టు కొట్టడానికి గొడ్డలి తీసుకుని వచ్చాడు. చేపల పడవకి అంత లావు మాను ఇంకెక్కడా లేదట. నేను బడి వదిలేసి పరిగెత్తాను. కాళ్ళావేళ్ళా పడ్డాను.

"సెట్టు నాను కొట్టకపోతే ఇంకోడు కొడతాడు టీచరమ్మా. పడవ నేకపోతే నా పిల్లలేటి తింతారు? గద్దని సూసి కడుపు నింపుకుంతారా?" అన్నాడు.

వాడన్నదాంట్లో తప్పేముంది. సోమవారం సంత దాటాక వస్తానని గొడ్డలి భుజాన వేసుకుని పోయాడు. నాకు మూడు రోజులు టైము ఇచ్చాడన్నమాట. ఫారెస్టు ఆఫీసుకి కాగితం పెట్టాను. సాహెబు కొయ్యూరులో ఉన్నారు, వచ్చాక చూస్తామన్నారు.

అప్పుడు నేను చేసిన పని మీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది. మీరు సంఘపెద్ద. నేను ఆదివారం బడిలో పిల్లలకు పది ఆజ్ఞలు కంఠతా పట్టించేదాన్ని. ఆదివారం తెల్లవారుజామున, ఇంకా ఎవరూ లేవకముందు, చెంగులో పసుపూ కుంకుమా కట్టుకుని ఆ చెట్టు దగ్గరికి వెళ్ళాను. మొదలుకి పసుపు రాశాను, బొట్లు పెట్టాను. నా ఎర్ర జాకెట్టు గుడ్డ మానుకి చుట్టి కట్టాను. మూడు రాళ్ళు నిలబెట్టాను. ఇంటికొచ్చి చేతులు సబ్బుతో కడుక్కుని చర్చికి వెళ్ళి పాట పాడాను.

అమ్మోరు వెలిసిన చెట్టుకి ఎవరూ గొడ్డలి పెట్టరని నాకు తెలుసు. అంతవరకే తెలుసు. ఆ తర్వాత ఏం జరుగుతుందో ఆలోచించే బుర్ర దేవుడు నాకు ఇవ్వలేదు.

సంతలో ఆ సంగతి గుప్పుమంది. పూజలు చేసే దిసారి మంగ్లు వచ్చి చూసి, తల్లి చోటు అడుగుతోందని చెప్పాడు. భీముడు నా దగ్గరికొచ్చాడు. "అమ్మోరు నా సేత గొడ్డలి దింపించింది టీచరమ్మా. ఇంకొక్క రోజైతే మాపాపం సేసేద్దును" అన్నాడు. మొదటి మేక వాడే తెచ్చాడు. పడవ కోసం దాచుకున్నది దానికే పోసి ఉంటాడు, నేను అడగలేదు.

ఇక చూడండి. ఒక పిల్లకి జ్వరం తగ్గిందని కోడి. ఇంకొకరికి ఆవు ఈనిందని కోడి. చెట్టు కిందే పొయ్యిలు, చెట్టు కిందే వంటలు, డప్పులు. పొగ తిన్నగా గూటికే పోయేది. ఆడది లేచి చుట్టూ తిరిగేది, మళ్ళీ వాలేది, మళ్ళీ లేచేది. ఆ పేగుల కోసం ఎక్కడెక్కడి కాకులూ చేరాయి. నేను వెళ్ళి "ఇక్కడ వండకండి, గద్ద ఉంది" అంటే, ఒకామె నవ్వి, "సర్చీ ఓలికి మా అమ్మోరంటే కడుపుమంట" అంది. నేనేం చెప్పను? ఆ అమ్మోరిని నేనే పెట్టానని చెప్పనా? నోరు మూసుకుని వచ్చేశాను. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే గద్దలు ఉండేవేమో. లేకపోతే నన్ను తన్ని తరిమేసి, చెట్టూ కొట్టేసేవారేమో. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఫిబ్రవరి రెండో వారంలో ఒక మధ్యాహ్నం కాకులు గుడ్లు తినేశాయి. పిల్లలకు ఎక్కాలు చెప్తూ బడి కిటికీలోంచి చూశాను. రెండు గద్దలూ నాలుగు రోజులు నీళ్ళమీద తిరిగాయి. అయిదో రోజు లేవు. ప్రతి ఆదివారం నేనూ పాపా గట్టంతా నడిచి చూస్తున్నాం. మాంసం కొట్టు మీద తిరిగే మామూలు గద్దలున్నాయి. మన తెల్లతల ఎర్రగద్ద ఒక్కటి లేదు. మీరు ఏడు గూళ్ళ దగ్గర మొదలుపెట్టి నోటుబుక్కులో రాసుకుంటూ ఒక్క గూటి దాకా వచ్చారు. ఆ ఒక్కటీ నా చేతుల మీద పోయింది. చెట్టు మాత్రం నిక్షేపంగా ఉంది, దాని చుట్టూ ఇప్పుడు సిమెంటు అరుగు కూడా కట్టారు. పాస్టరుగారు పోయిన నెల ఆ చెట్టు మీదే ప్రసంగం చేశారు. నేను ముందు వరసలో కూర్చుని ఆమెన్ అన్నాను.

కాకులు గుడ్లు తినేసిన వారంలోనే మీ ఉత్తరం ఒకటి వచ్చింది. సూదులకి కూర్చోలేకపోతున్నాను, వాంతులవుతున్నాయి, గుడ్లు పిల్లలయ్యాయని వింటే ఓపిక తెచ్చుకుంటాను అని రాశారు. ఏం రాయమంటారు? పిల్లలయ్యాయని రాశాను. తర్వాత అది నిలబెట్టడానికి మీ పాత నోటుబుక్కు తీశాను. తొంభై నాలుగులో మీరు రాసుకున్నవే, ఏ వారం తెల్లనూగు, ఏ వారం ఈకలు, చూసి చూసి దించాను. మీరేమో "నీకూ కళ్ళొచ్చాయి మగ్దలేనా, అచ్చం నేను చూసినట్టే చూస్తున్నావు" అని మెచ్చుకున్నారు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో మీరు నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఆ ఉత్తరం చింపి పొయ్యిలో పెట్టాను.

ఇంకో మూడు నెలలు రాయగలను. ఎగిరాయని, మళ్ళీ వచ్చి వాలాయని, నోటుబుక్కు నిండా ఉన్నాయి. మీరు అక్కడ ఉండేందుకే ఆ అబద్ధం ఆడాను. ఇప్పుడు అదే మిమ్మల్ని మంచం మీద నుంచి లేపి బస్సెక్కిస్తోంది. ఆదివారం దాకా ఆలోచించాను, వేరే దారి కనిపించలేదు.

వచ్చే ఏడాది మళ్ళీ వస్తాయని ఒక మాట రాద్దామని కలం పెట్టి ఆగిపోయాను. ఇక నేను తెలియనిది రాయను. నాకు తెలిసింది ఇంతే. ఇక్కడ చూడ్డానికి ఏమీ లేదు. పరిగెత్తుకు రావలసిన తొందర ఏదీ ఈ ఊళ్ళో లేదు. నేనూ పాపా ఉన్నాం. మా కోసం వస్తానని మీరు ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు, కాబట్టి మా కోసం మూడు నెలలు ఆగగలరు.

కోపం వస్తుంది. రానివ్వండి. జవాబు రాయకండి, వార్డులో నన్ను తిట్టండి. నన్ను క్షమించమని అడగను, క్షమించాలని తొందరపడి ఇంటికి రావద్దు. అక్కడే కూర్చుని కోపంగానే మింగండి, కానీ మాత్రలు మింగండి.

ఇట్లు,
గద్దలను నిలపలేక మిమ్మల్నైనా నిలుపుకోవాలని చూస్తున్న
మీ భార్య
మగ్దలేనమ్మ