కాగితం తిప్పిన చప్పుడు

నాంపల్లి,
20-1-1975

ప్రియమైన అనసూయక్కకు,

ముందే చెప్తున్నా, మన బాపుకు తెలియనివ్వకు. నిన్న నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో మా సంగీత కళాశాల వాళ్ళం నలుగురం రాక్ మ్యూజిక్ వాయించాం. మృదంగం నేర్చిన చేతులతో నేను డ్రమ్ములు. సుల్తాన్ బజార్లో కిరాయికి తెచ్చిన విగ్గులు, నల్ల కళ్ళద్దాలు. ఎవరు గుర్తుపడతారులే అనుకున్నాం. ఊపులో పడి, చివర గురువుగారు నేర్పిన ముక్తాయింపు మూడుసార్లు వాయించేశాను. గాత్రం నేర్చుకునే విద్యాసాగర్ అలవాటు కొద్దీ గిటారు వదిలేసి తొడమీద తాళం వేశాడు! జనం ఒకటే ఈలలు. మూడోసారి మొదలుపెడుతూ తలెత్తి చూస్తే మొదటి వరసలో మా తాతారావు గురువుగారు!

శుక్లాలతో ఆయన చూపు మసక. పోల్చుకోలేదనే నా ఆశ. పోయినేడు ఆబిడ్స్ హోటల్లో డ్రమ్ములు వాయించిన మా తోటివాడు రామచందర్‌ను క్లాసు నుంచే పంపేశారు. నా డిప్లొమా పరీక్ష ఫారం మీద ఆయన సంతకం ఇంకా కాలేదు. గడువు ముప్పై ఒకటి. ఏం చెయ్యమంటావక్కా?

నీ తమ్ముడు
శ్యామ్‌సుందర్

కరీంనగర్,
24-1-1975

చిరంజీవి శ్యామ్‌కు అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. ఆయన, "గింతదానికి ఫికరెందుకు? పెద్దాయన, అడిగితే మాఫ్ చెయ్యడా?" అన్నారు. అందుకే నిన్ననే గురువుగారికి జాబు రాసి పోస్టు చేశాను. నువ్వు చేసిందంతా రాశాను, ఏమీ దాచలేదు. తప్పు చేశానా? వెంటనే రాయి.

నీ అక్క
అనసూయ

నాంపల్లి,
29-1-1975

అక్కా,

ఎంత పని చేశావక్కా! చూపు తగ్గినప్పటి నుంచి ఆయన ఉత్తరాలన్నీ చదివి వినిపించేది నేనే. నీకెప్పుడూ చెప్పలేదు కదూ. నీ జాబు నా చేతికే ఇచ్చారు. ముందువైపు ఉన్న క్షేమసమాచారాలు మాత్రం చదివి, "అంతే సార్" అన్నాను.

"వెనకవైపు ఏం లేదా? కాగితం తిప్పిన చప్పుడు రాలేదే."

తిప్పాను. ఒక్క మాట మింగకుండా చదివాను. ఆయన వేళ్ళు చాపమీద ఏదో తాళం లెక్క వేస్తున్నాయి.

"మూడోసారి ఎందుకురా తొందరపడ్డావు?"

ఆయనకు ఆ రోజే తెలుసక్కా!

"మీరు కనపడ్డరు సార్. భయమైంది."

"రామచందరూ భయపడ్డాడు. వాడిని పంపింది వాయించినందుకు కాదు, వాయించలేదని నా ఎదుట బొంకినందుకు." చెయ్యి చాచి, "నీ ఫారం ఏదీ? సంతకం ఎక్కడో వేలుపెట్టి చూపించు" అన్నారు.

చూపించాను. నా వేలిని గట్టిగా పట్టుకుని, దాని పక్కనే సంతకం చేశారు.

నీ శ్యామ్