ఘోషా పోయి బంద్ వచ్చింది

నానమ్మా,

ఎట్లా ఉన్నావని అలవాటు కొద్దీ అడుగుతున్నాను. నువ్వు పోయి పాతికేళ్ళు దాటింది. అప్పుడు నేను ఓణీలు వేసుకునే పిల్లను. ఇప్పుడు నాకే డిగ్రీ చదివే కూతురుంది. పేరు సింధు. జనగామలో ఉంటున్నాం. మా ఆయన హైస్కూల్లో లెక్కల సారు.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది ఇక్కడ. బస్సులు లేవు, బడులు లేవు, కాలేజీలు లేవు. సింధు ఇంట్లోనే ఉంది. పిల్ల బయట కనబడట్లేదేమని ఎవరైనా అడిగితే బంద్ కదా అంటున్నాం. తలూపి వెళ్ళిపోతున్నారు. ఎంత మంచి మాట దొరికిందో చూడు... నీ కాలంలో దానికి ఘోషా అని పేరు.

నా సంగతి నాకే చెప్తున్నావా అనకు. చెప్పుకోవడానికి నాకింకెవరున్నారు?

భూపాలపల్లి దాటి అడవిలోకి పోతే మన ఊరు. నిజాం కింద ఓ చిన్న సంస్థానం, దానికో కోటలాంటి గడి, ఆ గడికి నువ్వు రాణివి. నాన్న పుట్టాక నీకు నిద్ర పట్టకుండా పోయింది. గోడతో మాట్లాడేదానివట. ఎవరో పిలుస్తున్నారని అన్నం ముందు నుంచి లేచిపోయేదానివట. నిన్ను వెనక గదిలో పెట్టి తలుపు వేసి, రాణిగారు ఘోషా పాటిస్తున్నారని ఊరికి చెప్పారు. ఊరు నమ్మింది. నమ్మడమే కాదు, గొప్పగా చెప్పుకుంది. "మా దొరసాని మొఖం సూర్యుడు గూడ సూడలే" అని!

ఒకసారి హనుమకొండ నుంచి డాక్టరును పిలిపించారట. ఘోషా కాబట్టి నడుమ తెర కట్టారు. తెర అంచు కింద నుంచి నీ చెయ్యి ఒక్కటే బయటికి. నిద్ర పడుతుందా అని ఆయన అడిగితే, బాగా పడుతుందని తాత చెప్పాడు. భయమేమైనా ఉందా అంటే లేదన్నాడు. ఇదంతా నువ్వే తలుపు అవతలి నుంచి చెప్పి నవ్వావు. "నాడి నాది వట్టిండు బిడ్డా, జవాబు మీ తాత చెప్పిండు."

సెలవుల్లో వచ్చినప్పుడల్లా ఆ గడప దగ్గరే కూర్చునేదాన్ని, గుర్తుందా? బాగున్న రోజుల్లో ఎన్ని అడిగేదానివి! ఇవాళ ఏం కూర వండారు, ఇప్పచెట్లు పూశాయా... "వాన సప్పుడు ఇనొస్తున్నది గని వాసన వస్తలేదేందే?" అన్నావొకసారి. నేనేం చెప్పానో గుర్తు లేదు. ఇంట్లో ఎవరైనా పిచ్చి అనే మాట ఎత్తితే మాత్రం ఊరుకునేదానివి కాదు. "పిచ్చి నాకు గాదు, మీ తాతకు. ఇజ్జత్ పిచ్చి" అనేదానివి.

నువ్వు పోయిన రోజు వాకిట్లో పడుకోబెడితే ఊరు మొదటిసారి నీ ముఖం చూసింది. "గింత సక్కగున్నదా దొరసాని!" అన్నారు. నాకు వాళ్ళందరి మీదా కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. గడి హాల్లో తాత ఫొటో ఉండేది, తాత గుర్రం ఫొటో కూడా ఉండేది. నీది లేదు.

ఇక సింధు సంగతి.

హాస్టల్ నుంచి ఫోన్ వచ్చింది, పిల్ల నిద్రపోవట్లేదని. వెళ్ళి చూస్తే ఓ మూలకు ముడుచుకుని కూర్చుంది. ఫ్యాను తన గురించే మాట్లాడుతోందట. హనుమకొండలోనే చూపించాం. డాక్టరమ్మది చిన్న వయసు. తెర లేదు నానమ్మా! సింధును ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి దానితోనే మాట్లాడింది. దీనికి పేరుంది, మందుంది, షుగరుకు వేసుకున్నట్టే వేసుకోవాలి, చదువు ఆపక్కర్లేదు అంది. ఆమె కాళ్ళు మొక్కాలనిపించింది. నువ్వెందుకంత తొందరపడి పుట్టావు?

మీ ఇళ్ళలో ఇంతకుముందు ఎవరికైనా ఇట్లా ఉండేదా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు. "ఎవ్వలకు లేదు మేడం, వాళ్ళది రాజుల ఖాందాన్." మా నానమ్మకు ఉండేది అన్నాను నేను. డాక్టరమ్మ రాసుకుంది. నీ గురించి ఒక మనిషి రాసుకోవడం అదే మొదలు.

మందులతో పిల్ల తేరుకుంది. నిద్రపోయింది. జడ వేసుకుంది. చారులో ఉప్పు ఎక్కువైందని నాతో కొట్లాడింది. ఆ కొట్లాటకు నేను ఎంత సంతోషపడ్డానో నీకు తప్ప ఎవరికి తెలుస్తుంది?

అంతలో మహబూబాబాద్ నుంచి మా ఆడబిడ్డ ఓ సంబంధం పట్టుకుని వచ్చింది. సింధు మందు గోలీలు చూసింది. పిచ్చి గోలీలని అవతలివాళ్ళకు తెలిస్తే పిల్ల బతుకు ఆగమైతదని తన అన్నను కూర్చోబెట్టి చెప్పింది. ఆయన గోలీలు మోరీలో పారేసి, డాక్టరమ్మ రాసిన చీటీ చింపేశాడు. ఏడ్చాను, అరిచాను, తిండి మానేశాను. చీటీ లేనిదే ఇక్కడి మందుల దుకాణంలో ఇవ్వలేదు. హనుమకొండ పోదామంటే అప్పటికే సమ్మె మొదలైంది, బస్సు లేదు. సింధు మళ్ళీ మూలకు చేరింది.

ఆయన చెడ్డవాడు కాదు. స్నానాల గదిలో నల్లా విప్పి ఏడుస్తాడు, నాకు వినబడుతుంది. పొద్దున దీక్షా శిబిరంలో మైకు పట్టుకుంటాడు. "మన యాసను సినిమాలల్ల ఎక్కిరిచ్చిండ్రు. సిగ్గువడి దాసుకున్నం. ఇగ దాసుడు బంద్!" అన్నాడు మొన్న. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఏం చేయను మరి?

సమ్మె విరమిస్తారని అనుకుంటున్నారు. బస్సులు తిరిగితే ఇక బంద్ అని చెప్పడానికి ఉండదు. అందుకే ఆయన వేరే దారి చూసి పెట్టాడు. సింధును మన గడికి తీసుకుపోవాలట. ఊరి గాలి మంచిదట. కాపలావాళ్ళు కనిపెట్టుకుని ఉంటారట. గడి చూసుకునే మా అన్నలు సరేనన్నారు. గడి ముందు భాగమంతా కూలిపోయింది. పైకప్పు నిలిచింది నీ వెనక గదికే.

ఊరికి పోయే బస్సు హనుమకొండలో ఆగుతుంది. సింధు చెయ్యి పట్టుకుని దిగిపోతానని నీకు మాట ఇద్దామనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇవ్వలేకపోతున్నాను... పక్కన ఆయన ఉంటాడు, ఆడబిడ్డ ఉంటుంది. నేను అరిస్తే ఏమంటారో నాకు తెలుసు. తల్లికీ ఉందంటారు. అప్పుడు సింధు గురించి నేను చెప్పేది ఎవరు వింటారు?

ఒక్కటి చేయగలను. ఆ తలుపు వేసేనాడు నేను లోపలి వైపు ఉంటాను. అది ఒక్కతే ఉండదు. అంతకు మించి నాకు చేతకాలేదు నానమ్మా.

నీ మనుమరాలు