ఫిలీనోస్ బాబాయి అడిగిన మాట

చిరంజీవి ఫైడిమోస్‌కు అమ్మ ఆశీస్సులు. అథీనా తల్లి చల్లని చూపువల్ల ఏథెన్స్‌లో నేనూ మావయ్యా కులాసాగానే ఉన్నాము. సముద్రానికి అవతల, సిరక్యూస్‌లో నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం ఉప్పు వర్తకుడు తెచ్చి ఇచ్చాడు. నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. చలి తగ్గాక నా మోకాళ్ళు కాస్త నయం. మేక ఈనింది. మీ నాన్న సమాధి దగ్గర పాలు, తేనె పోసి నీ పేరు కూడా చెప్పి వచ్చాను. వాదాల్లో గురువుగారు నిన్నే ముందు మాట్లాడమంటున్నారని చదివి వినిపిస్తే మీ ఆంద్రోన్ మావయ్య ఒకటే నవ్వు. "వీడు వచ్చి మన మేకను గుర్రమని రుజువు చేస్తాడక్కా! దానికి కళ్ళెం కొనలేక చావాలి మనం" అన్నాడు.

దావా సంగతి అడిగావు. మనమే గెలిచాము. వాగు పక్కనున్న ఆలివ్ చెట్లు మనవేనని మధ్యవర్తి తేల్చాడు. ఇక నీ చదువుకు దిగుల్లేదని మావయ్య అంటున్నాడు. ఇక్కడితో ఈ ఉత్తరం ముగించబోయాను. చేయి రాలేదు.

పొరుగింటి ఫిలీనోస్ బాబాయి, తాను యుద్ధానికి పోతూ ఆ చెట్లను మీ నాన్నకు అప్పగించానని, తిరిగొస్తే ఇచ్చెయ్యాలన్నదే మాట అని చెప్పాడు. మావయ్య సాక్షి ఎవరని గద్దించాడు. ఆయనకు సాక్షులు లేరు. "సాక్షులెందుకయ్యా?" అన్నాడట మధ్యవర్తితో. "ఆ రోజు క్లైతో వదిన అక్కడే ఉంది. అపొలో గుడిలో కొడుకు తల మీద ఒట్టేసి, చెట్లు తమవేనని చెప్పమనండి. చెబితే వదిలేస్తాను. దేవుడి ముందు ఆవిడ అబద్ధమాడదు."

"తన జుట్టు తానే మన చేతికిచ్చాడు!" అని మావయ్య గంతులేశాడు.

ఒట్టు వెయ్యనా అని అప్పుడు నీకు రాశాను. నువ్వు ఓపికగా జవాబిచ్చావు. దేవుళ్ళు లేకపోతే వినేవాళ్ళే లేరు. ఉంటే, నాలుగు చెట్ల కోసం ఎవరి బిడ్డనో చంపేంత అల్పులు కారు. ఎటు చూసినా భయపడనక్కరలేదన్నావు. పెంచినవాడిదే చెట్టు అని కూడా రాశావు.

కానీ నాయనా, నీకు ఒకటి దాచాను. బాబాయి చెప్పింది నిజం. ఆ రోజు వాళ్ళిద్దరికీ అత్తిపండ్లు పెట్టి, ఆ మాటలు నా చెవులతో విన్నాను. ఆ సంగతి తెలియకుండా నువ్వు వాదం కట్టావు. నాకు కావలసింది ధైర్యం. అది నీ దగ్గర తెచ్చుకున్నాను.

గుడిలో బలిపీఠం మీద చేయి పెట్టాను. మావయ్య వెనకనుంచి "చెప్పెయ్ అక్కా, చెప్పెయ్" అంటున్నాడు. చెట్లు మావేనని, అబద్ధమైతే నా కొడుకు నాశనమవ్వాలని అన్నాను. నా నోటితోనే అన్నాను.

ఫిలీనోస్ బాబాయి కోప్పడలేదు. తిట్టినా బాగుండేది. మెట్ల దగ్గర నాకోసం ఆగి, "వదినా, నేను ఆ రోజు మీ ఇంటికి వచ్చినట్టే గుర్తు. మీరు అత్తిపండ్లు పెట్టినట్టు కూడా గుర్తు. అంతా నేనే ఊహించుకున్నానంటారా? నాకు మతి పోతోందా?" అని అడిగాడు.

"వయసు మీద పడింది బావా, ఇంటికెళ్ళి పడుకో" అన్నాడు మావయ్య.

నేను ముసుగు లాక్కుని ముందుకు నడిచాను.

అప్పటినుంచి ఆయన ఎవరితోనూ గట్టిగా ఏదీ చెప్పడం లేదు. సంతలో తన గొర్రెను తానే గుర్తుపట్టి, "ఇది నాదేనా?" అని పక్కవాణ్ణి అడిగాడట. అందరూ నవ్వారట.

నీ వాదం మళ్ళీ తీసి చదివాను. అందులో తప్పెక్కడుందో నాకు తెలియలేదు. కానీ ఆయన అడిగినదానికి అందులో జవాబు కూడా దొరకలేదు. అందుకే ఈ ఉత్తరం పంపగానే వాళ్ళింటికి వెళ్ళి, ఆయన మతి నిక్షేపంగా ఉందని చెబుతాను. చెట్లు పోతాయి. నీ చదువు సగంలో ఆగుతుంది. మావయ్య నాతో మాట్లాడడు. చెప్పి, అటునుంచి అటే గుడికి పోతాను. నువ్వు నవ్వుకున్నా నాకు ఫరవాలేదు, ఫైడిమోస్. నీ తల మీద పెట్టిన మాట దేవుడు వెనక్కి ఇచ్చాడని నాకు నమ్మకం కుదిరి నీకు కబురు పంపేదాకా ఓడ మాత్రం ఎక్కకు.

ఇట్లు,
నీ రాకకన్నా నీ క్షేమమే కోరుకునే అమ్మ,
క్లైతో